అక్క మీదికి నెట్టిన గ్వాకమోలే పోపు

ఆ రోజుల్లో కోర్సు నేర్చుకుందామని అమీర్‌పేట చేరిన ప్రతివాడికీ ఆ కోర్సు తప్ప మిగతావన్నీ వచ్చేవి. నాకు వంట వచ్చు (అని నా నమ్మకం). మా హాస్టల్ నడిపే అక్కది సిరిసిల్ల. పప్పుచారు అమృతంలా చేసేది, కాకపోతే రోజూ అదే చేసేది. విసిగిపోయిన కుర్రాళ్లు పక్క వీధి హాస్టల్‌కి మారతామని గుసగుసలు మొదలుపెట్టారు. అక్క బతుకంతా ఆ హాస్టల్ మీదే. "ఫికర్ చెయ్యకు అక్కా, ఐతారం గ్వాకమోలే చేద్దం," అన్నాను, పంజాగుట్ట హోటల్లో మిత్రుడి పుణ్యాన ఆ మెక్సికో పచ్చడి ఒకసారి తిన్న ధైర్యంతో. "గదేంది, మందా?" అంది అక్క.

పంజాగుట్ట పండ్ల బండి దగ్గర దానికి కావలసిన బటర్‌ఫ్రూట్లు (అదే, అవకాడోలు) దొరికాయి. "గుండ్రంగ నున్నగున్నయి కూర్గ్‌వి. గీ సొరకాయ మెడోటివి కొడైకెనాల్‌వి. నల్లగ గరుకున్నయి ఫారిన్‌వి, ఊకె నొక్కకు భాయ్," అన్నాడు బండి అతను. పండితుడిలా తలూపి మన దేశపు రకాలు రెండూ కొన్నాను. గుండ్రటిది కాస్త నీళ్లగా, తియ్యగా ఉంది. మెడ పొడుగుది అచ్చంగా వెన్న. రెండూ కలిపి, ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం వేసి మెదిపితే అద్భుతంగా కుదిరింది. అక్క వేలితో తీసి నాకి, "మస్తుంది. ఇంగ దాన్ని ముట్టకు," అని అన్నం వార్చడానికి పోయింది.

ముట్టకుండా ఉంటే నేనెందుకవుతాను? పోపు పడని పచ్చడి మా ఇంట్లో కంచం దాకా రాదు. మూకుట్లో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ చిటపటలాడించి, అది చాలదన్నట్టు గ్వాకమోలేని అందులోకే దించి, వంకాయ పచ్చడిలా మగ్గబెట్టాను. వేడి తగిలితే ఆ పండు చేదెక్కుతుందని నాకేం తెలుసు! మొదటి ముద్దకే భోజనాల వరసంతా మొహాలు వంకర్లు పోయాయి. "దీనికి పోపెవరు పెట్టిండ్రక్కా?" అని ఒకడు అరిచాడు. నేను అక్క వైపు చూశాను. (నోటితో ఏమీ అనలేదు. చూశాను, అంతే.) హాలంతా నవ్వులు. మా పాత మిత్రుల గ్రూపులో ఆమె ఇప్పటికీ "పోపక్క"నే.

మొన్న ఆ దారిన పోతూ అక్క దగ్గరికి వెళ్లి, పోపు పెట్టింది నేనేనని చెప్పేశాను.

"నాకు తెల్వదా? గరిటె నీ చేతిలనే ఉండె."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదక్కా?"

"నవ్విండ్రు గద! గట్ల నవ్వినోళ్లు హాస్టల్ ఇడిసి పోతరా? ఒక్కడు సుత పోలే. నిన్ను జూసి నవ్వితే మాత్రం నువ్వు పోతుంటివి."

తిట్లు తిందామని వెళ్లినవాణ్ణి, ఛాయ్ తాగి, కొంచెం నిరాశగానే మెట్రో మెట్లెక్కాను. సగం ఎక్కాక, గరిటె వెనక్కి దాచుకుని అమాయకంగా నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. నవ్వాపుకోలేక రెయిలింగ్ పట్టుకున్నాను.