పేర్లు పడకముందే

నా చిన్నప్పుడు మా తాతయ్యతో సినిమాకు వెళ్లాలంటే నాకు విసుగ్గా ఉండేది. ఆయనకు చెవులు వినిపించవు. అయినా మునగాలలో బస్సెక్కించి నన్ను కోదాడలో మ్యాట్నీకి తీసుకెళ్లేవాడు. తెర మీద పేర్లు పడకముందే కుర్చీలో ఉండాలని ఒకటే తొందర. జనమంతా పేర్లు పడేటప్పుడు తీరిగ్గా బయట సోడా తాగుతుంటే ఈయనకెందుకింత ఆత్రమో నాకు అర్థమయ్యేది కాదు.

ఒకరోజు మిర్చీ బజ్జీలు వేడిగా దిగేదాకా నేను కదలలేదు. లోపలికి వెళ్లేసరికి పేర్లు అయిపోయాయి. తెర మీద ఒక లావుపాటి మనిషి గిర్రున తిరిగి మెట్ల మీద నుంచి దొర్లాడు. తాతయ్య పకపకా నవ్వాడు. హాల్లో ఇంకెవరూ నవ్వలేదు. ఆ మనిషి చనిపోతున్నాడు.

"ఓ పెద్దమనిషీ, గాడ మనిషి సస్తుంటే నవ్వొస్తున్నదా నీకు?" అని వెనక నుంచి ఒకాయన అరిచాడు.

"ఇంటికి తోల్కపో పిలగా, ముసలాయన్ని!" అన్నాడు ఇంకొకాయన.

ఆ మాటలు తాతయ్యకు వినిపించలేదు. తిరిగి చూస్తున్న ముఖాలు మాత్రం కనిపించాయి. నేను ఒక కుర్చీ అవతలికి జరిగి, ఆయనెవరో తెలియనట్టు కూర్చున్నాను. ఆయన కండువా నోటికి అడ్డం పెట్టుకుని, సినిమా అయ్యేదాకా తెర కంటే నా ముఖమే ఎక్కువగా చూశాడు.

మరుసటి వారం మళ్లీ తీసుకెళ్లాడు. దీపాలు ఆరగానే తన అరచేతులతో నా చెవులు గట్టిగా మూశాడు. పేర్లు మొదలయ్యాయి. బొద్దు బొద్దు అక్షరాలు తూలుతూ వచ్చి ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి.

చేతులు తీసి, "ఎట్లాంటి బొమ్మరా?" అని నాలుగు వరుసలకు వినబడేలా అడిగాడు.

నవ్వుల బొమ్మ అని పెదవులు కదిపాను.

"మరి మొన్నటి దానికి అక్షరాలు ఎట్లుండె?"

తెలియదని తల అడ్డంగా ఊపాను.

"నాకూ ఎరుక లేదు. గందుకే నవ్విన బిడ్డా."

పోస్టరు మీద హీరో ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు, దాన్ని చూసి కథ ఎట్లాంటిదో తెలియదు. నల్లటి తెర మీద సన్నటి అక్షరాలు మెల్లగా తేలితే ఏడుపు కథ అని, ఎర్రగా కారితే దయ్యమని, బండరాతిలో చెక్కినట్టు వస్తే పోట్లాటలని ఆయన పోల్చుకునేవాడు. మాకు సంగీతం చెప్పే సంగతి ఆయనకు అక్షరాల పోకడ చెప్పేది. దాన్ని నేను బజ్జీల కోసం పోగొట్టాను.

నలుగురిలో ఎవరైనా నవ్వకూడని చోట నవ్వితే, వాళ్లతో సంబంధం లేనట్టు తప్పుకోవాలన్న బుద్ధి నాకు ఇప్పటికీ ముందు పుడుతుంది. అది పోలేదు. కాకపోతే, వాళ్లకు ఏది అందలేదో అడగకుండా అక్కడి నుంచి కదలడం మానేశాను.