మూడు తరాల జబ్బుల కాగితం

నర్సీపట్నం చుట్టుపక్కల ఆవు ఎదకొచ్చిందంటే ముందు మోగేది చిట్టిబాబు ఫోనే. సర్కారు పెట్టిన పేరు గోపాలమిత్ర. జనం పెట్టిన పేరు సూదుల చిట్టిబాబు. ఆవులకి చూడి సూదులు వెయ్యడానికి బండి వెనక ఆబోతు వీర్యం దాచే నైట్రోజన్ డబ్బా కట్టుకుని రోలుగుంట నుంచి కృష్ణదేవిపేట దాకా పొద్దస్తమానం తిరుగుతాడు. ముప్పై ఒకటో ఏడు నడుస్తోంది, ఇంకా పెళ్ళి కాలేదు. మనిషిలో వంక పెట్టడానికేమీ లేదు గానీ, నోరొకటి ఆగదు. ఓసారి పెళ్ళిచూపులకి వెళ్ళి, వాళ్ళ పెరట్లో ఆవు ఎందుకు చూడి కట్టడం లేదో ముప్పావుగంట చెప్పి, పిల్ల మొహం సరిగ్గా చూడకుండానే వచ్చేశాడు. మర్నాడు వాళ్ళు కబురు పంపారు, సంబంధం గురించి కాదు, ఆవు గురించి.

అలాంటివాడు ఒక సోమవారం చెప్పాపెట్టకుండా వైజాగ్ బస్సెక్కి, వీర్యదానానికి పేరు రాయించుకుని వచ్చాడు. ఎందుకయ్యా అంటే, దానికి కారణం వాళ్ళ బావ కాలి చెప్పు.

అక్క లోవలక్ష్మికి పెళ్ళయి పదకొండేళ్ళ దాకా పిల్లల్లేరు. బావ రమేష్‌బాబు బళ్ళో పంతులు, నెమ్మదస్తుడు. లోపం తనలోనే ఉందని డాక్టర్లు తేల్చాక ఆయన ఆ మాట ఇంట్లో పెద్దవాళ్ళెవరికీ చెప్పలేదు. బావమరిది ఒక్కడికే చెప్పాడు. రోజూ చేసే పనే అదాయె, వీడు నవ్వడని నమ్మకం. చిట్టిబాబు నవ్వలేదు. దగ్గరుండి ఇద్దర్నీ వైజాగ్ తీసుకెళ్ళాడు. అక్కడ వాళ్ళకి ఎవరో ముక్కూమొహం తెలియని దాత గురించి ఒకే ఒక్క కాగితం చూపించారు. ఎత్తు, రంగు, బ్లడ్ గ్రూపు, చదువు, ఇంట్లో వంశపారంపర్యంగా జబ్బులేమీ లేవన్న మాట, అంతే. రమేష్‌బాబు ఆ కాగితాన్ని పరీక్ష పేపరు దిద్దినట్టు ఎనిమిదిసార్లు చదివాడు. ఏడాది తిరక్కుండా మోక్షిత్ పుట్టాడు.

ఇప్పుడు వాడికి మూడేళ్ళు. ఆమధ్య ఒక సాయంత్రం వాడు మూడుచక్రాల సైకిలు తొక్కుతుంటే, పట్టుకోబోయి రమేష్‌బాబు రోడ్డు మీద పరిగెత్తాడు. ఒక కాలి చెప్పు ఊడి కాలవలో పడింది. ఆయన వెనక్కి తిరిగి చూడనైనా చూడలేదు. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా నలగనివ్వని మనిషి, ఒంటి చెప్పుతో, పళ్ళన్నీ కనబడేలా నవ్వుకుంటూ వీధి చివరిదాకా పోయాడు. అరుగు మీద కూర్చున్న చిట్టిబాబుకి కళ్ళంట నీళ్ళొచ్చాయి. ఎవడో ఒకడు ఇవ్వబట్టే కదా ఇదంతా, మనమూ ఎవరికో ఒకరికి ఇద్దాం అనుకున్నాడు. వాడి బుర్ర అంతే, ఏదైనా తోస్తే ఆగదు.

వైజాగ్‌లో వాడి రక్తం అదీ పరీక్ష చేసి, లక్ష్మీసాహితి అనే కౌన్సిలరమ్మ ఒక ఫారం చేతిలో పెట్టింది. అందులో మూడు తరాల ఆరోగ్యం రాయాలి. తాతలు, మామ్మలు, మేనమామలు, మేనత్తలు, ఎవరికి ఏ జబ్బు, ఎవరు ఎన్నేళ్ళకి ఎలా పోయారు.

"మా ఆబోతులకీ ఇలాగే చీటీ ఉంటుందండి. తల్లి ఎన్ని లీటర్లిచ్చిందో దగ్గర్నుంచీ రాసుంటుంది," అన్నాడు చిట్టిబాబు.

ఆ అమ్మాయి నవ్వింది. "మీ ఆబోతుల తరఫువాళ్ళు దాచుకోరు కదండీ. ఇక్కడ పది ఫారాలొస్తే తొమ్మిదింట్లో ‘ఏమీ లేవు’ అనే ఉంటుంది. ఏ జబ్బూ లేని ఇల్లు ఎక్కడైనా ఉంటుందా? అడిగి, నిజం రాసి తీసుకురండి."

చిట్టిబాబుకి బావ కాగితం చదివిన తీరు గుర్తొచ్చింది. తను అబద్ధం రాస్తే ఇంకెక్కడో ఇంకో రమేష్‌బాబు దాన్ని ఎనిమిదిసార్లు చదివి నమ్ముతాడు. రాస్తే నిజమే రాయాలని బస్సులోనే గట్టిగా అనుకున్నాడు.

అనుకున్నంత తేలికా? ఇంటికొచ్చి తల్లిని కదిపాడు. అప్పలలక్ష్మి అప్పుడే బీపీ మాత్ర నోట్లో వేసుకుని మంచినీళ్ళు తాగుతోంది.

"అమ్మా, మనింట్లో ఎవరెవరికి ఏ జబ్బులున్నాయే?"

"ఏటీ, జబ్బులా? ఎవరడిగారు? ఏ ఊరి సంబంధం?" ఆవిడ కళ్ళు మెరిశాయి. "మన ఇంటా వంటా ఒక్కరికి తలనొప్పి కూడా లేదని సెప్పు."

"ఇప్పుడు మింగినదేటి?"

"అది బలానికిరా."

ఇలా లాభం లేదనుకుని, మర్నాడు మాటల్లో మాటగా, "మీ వైపు సంగతి కాదులే, నాన్న వైపు వాళ్ళకేమైనా ఉండేవా?" అన్నాడు. ఇక చూడండి. అప్పలలక్ష్మి కత్తిపీట పక్కకి జరిపింది. చేతులు కడుక్కుని మరీ వచ్చి కూర్చుంది. "అయితే రాసుకో," అంది. తాతకి షుగరు, కాలి వేలు తీసేశారు. మామ్మకి ఆయాసం. పెదనాన్నకి మొలలు, అందుకే పెళ్ళిళ్ళలో నిలబడే భోంచేసేవాడు. నాన్న గుండెపోటుతో పోవడం అందరికీ తెలిసిందే, అంతకు ముందే రెండుసార్లు వచ్చి దాచారన్నది మాత్రం కొత్త సంగతి. "మీ అత్త పుష్పవతికి థైరాయిడ్డు. పట్టుచీర కట్టుకుంటే కొంగు మెడ సుట్టూ ఎందుకు తిప్పుకుంటాదనుకున్నావు మరి?" గంటలో రెండు పేజీలు నిండిపోయాయి.

చిట్టిబాబుకి కిటుకు దొరికిపోయింది. ఎవరి వైపు జబ్బు వాళ్ళని అడగకూడదు, అవతలి వైపు వాళ్ళనడగాలి. వియ్యాలవారి జబ్బులు తిథివారాలతో సహా నోటికొచ్చి ఉంటాయి మనవాళ్ళకి. అంచేత అమ్మ వైపు సంగతుల కోసం బండి రోలుగుంటలో పుష్పవతి అత్త ఇంటికి తిప్పాడు. అది బుధవారం.

అత్త టీ ఇచ్చి మొదలెట్టింది. అమ్మమ్మకి పక్షవాతం. తాతకి బీపీ. పిన్నికి తెల్లమచ్చ, నడుం దగ్గర. అంతా అయ్యాక గొంతు తగ్గించి, "మీ కొండన్న మావ గెడ్డం సంగతి నీకు తెల్దేటి?" అంది.

కొండన్న అంటే అప్పలలక్ష్మి తమ్ముడు. కృష్ణదేవిపేటలో పిండిమర నడుపుతాడు. బొడ్డుదాకా గడ్డం. దేవుడి మొక్కని ఇంటిల్లిపాదీ చెబుతారు.

"మొక్కూ లేదు, గిక్కూ లేదు. పదిహేడేళ్ళప్పుడు మంగలి కత్తి గెడ్డం కింద చిన్న గీత పడింది. రెండ్రోజులు నెత్తురు ఆగలేదురా. పెద్దాసుపత్రికి మోసుకెళ్ళారు. అప్పట్నుంచి ఒంటి మీద కత్తి పెట్టనివ్వడు, కొడవలి పట్టడు. అందుకే పొలం వదిలీసి పిండిమర ఎట్టాడు. మీ అమ్మమ్మ తమ్ముడొకడున్నాడు సూడు, పాము కరిచి పోయాడంటారు, ఏ పామూ కరవలేదు. పన్ను పీకించుకుంటే నెత్తురు ఆగక పోయాడు."

మొక్కు గడ్డం సంగతి వినగానే చిట్టిబాబు పకపకా నవ్వాడు. పన్ను మాట వినేసరికి నవ్వు ఆగింది. బయటికొచ్చి, ఇది ఎలా రాయాలో అడుగుదామని లక్ష్మీసాహితికి ఫోను చేశాడు. ఆవిడ డాక్టరుగారిని అడిగి పది నిమిషాల్లో తిరిగి చేసింది.

"చిట్టిబాబుగారూ, మీకు దెబ్బ తగిలితే రక్తం ఆగుతుందా?"

"ఆగుతుందండి. ఆవు తన్నితే నాలుగు కుట్లు కూడా పడ్డాయి."

"అయితే మీకు లేనట్టే. టెస్టు కూడా చేద్దాం. మీకు లేకపోతే మీ నుంచి ఎవరికీ పోదు. నెత్తురు గడ్డకట్టని ఈ జబ్బు ఆడవాళ్ళ ద్వారా వస్తుందండి, బయటపడేది మాత్రం మగపిల్లల్లో. మీకు అక్కచెల్లెళ్ళున్నారా?"

"ఒక అక్కండి."

"ఆవిడకి మగపిల్లాడా?"

"అవునండి," అని చిట్టిబాబు వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాడు. వచ్చే ఆదివారం మోక్షిత్‌కి చెవులు కుట్టిస్తున్నారు. మేనమామ తనే, ఒళ్ళో కూర్చోబెట్టుకుని కదలకుండా పట్టుకోవాల్సింది తనే. నిలువునా భయం వేసింది వాడికి. దాత కాగితాన్ని అంతసేపు చదివారు గానీ, అక్క కాగితం ఎవరూ అడగలేదు. ఎవరడుగుతారు? సొంత మనిషి కదా.

బండి ఎలా నడిపాడో వాడికే తెలియదు. ఇంటికి వచ్చేసరికి తల్లి ఫోనులో కూతురితో మాట్లాడుతోంది. "ఆదివారం వద్దే. దూరపు మైల ఒకటి వచ్చిపడింది. వచ్చే నెల సూద్దాం." చెవులు కుట్టడం ఇలా వాయిదా పడడం ఇది మూడోసారి. చిట్టిబాబు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"కొండన్న మావది మొక్కు కాదంట కదా అమ్మా," అన్నాడు.

అప్పలలక్ష్మి ఫోను కింద పెట్టింది. "పుష్పవతి సెప్పిందా?" అని, ఇంకేమీ తిట్టకుండా మంచం మీద కూర్చుంది. "నీకు సెవులు ఎందుకు కుట్టించలేదనుకున్నావురా? నీ మోకాలు దోక్కుపోయిన రోజున గుడ్డ అదిమిపట్టి, నెత్తురు ఆగినదాకా లెక్కెట్టుకుంటూ కూర్చున్నాను. ఆగింది. నువ్వు గట్టెక్కావనుకున్నాను. అక్కకి ఈడు పుట్టాడు. ఆడికి టీకా ఏసిన ప్రతిసారీ తొడ అదిమిపట్టుకుని నేనే కూర్చున్నాను, ముసిల్దానికి మనవడి మీద ఎంత పేమో అనుకున్నారంతా. ఎవరితో సెప్పమంటావు? ముందే సెప్తే దానికి పెళ్ళవుతాదా? అయ్యాక సెప్తే కాపురం నిలబడతాదా?"

చిట్టిబాబు తల్లి పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళు ఒక్కతే ఇంత భయాన్ని మోసిందని తలచుకుంటే వాడికి దుఃఖం ఆగలేదు.

ఆ సాయంత్రమే తల్లీకొడుకులు అక్క ఇంటికి వెళ్ళి అన్నీ చెప్పేశారు. లోవలక్ష్మి పిల్లాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది. రమేష్‌బాబు ఏమంటాడోనని అప్పలలక్ష్మి తల ఎత్తలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "రేపే వైజాగ్ వెళ్దాం అత్తయ్యా. ఆదివారం దాకా ఎందుకు?" అన్నాడు, అంతే. తర్వాత బావమరిదిని పెరట్లోకి తీసుకెళ్ళాడు.

"పిల్లాడు తుమ్మినా దగ్గినా మూడేళ్ళుగా ఆ కాగితం మనిషినే అనుమానించానురా. ఏం దాచాడో, ఏం రాయలేదో అని. పాపం, ఆయన ఏ తప్పూ చెయ్యలేదు." అని ఆయన నవ్వడం మొదలెట్టాడు. మధ్యలో అది ఏడుపయింది, మళ్ళీ నవ్వయింది.

మర్నాడు అందరూ కలిసి వెళ్ళారు. కొండన్ననీ బలవంతంగా కారెక్కించారు. సూది చూడగానే ఆయన తన గడ్డం పట్టుకుని డాక్టరుగారి కాళ్ళ మీద పడబోయాడు. మోక్షిత్ మాత్రం సూది పొడుస్తుంటే నర్సు బొట్టు కేసి చూస్తూ కూర్చున్నాడు. దూది పెట్టింది నర్సే అయినా అదిమిపట్టింది అమ్మమ్మే. రిపోర్టులకి రెండ్రోజులు పట్టింది. ఆ రెండ్రోజులూ ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందే గానీ ఎవరూ కడుపునిండా తినలేదు.

శనివారం ఫోనొచ్చింది. మోక్షిత్‌కి లేదు. చిట్టిబాబుకీ లేదు. కొండన్నకి ఉంది, తక్కువ రకం, జాగ్రత్తగా ఉంటే చాలు, అవసరమైతే సూదిమందుంది. "నలభై ఏళ్ళ నా మొక్కుకి ఇంగ్లీషు పేరు దొరికిందిరా," అని కొండన్న పిండిమర దగ్గర అందరికీ చెప్పుకున్నాడు. అప్పలలక్ష్మి "లేదు" అన్న మాట కూతురి చేత మూడుసార్లు చెప్పించుకుని, వంటింట్లోకి వెళ్ళి రెండు గరిటెల అన్నం ఎక్కువ వండింది.

వారం పోయాక, చిట్టిబాబు ఫారం పూర్తి చేస్తుంటే ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. కొండన్న సంగతి, పన్ను సంగతి, బీపీ మాత్ర సంగతి అన్నీ అందులో ఉన్నాయి. "ఏ సంబంధంరా ఇది? ఇన్ని నిజాలు అడిగినోళ్ళని నేనెక్కడా సూడలేదు. కట్నం ఇవ్వకపోయినా ఫరవాలేదు, ఈ పిల్లనే సేసుకో," అంది.

"సంబంధం కాదే అమ్మా," అని చిట్టిబాబు పెన్ను పక్కన పెట్టాడు. అక్క సంగతి ఎత్తలేదు, అది చెప్పుకోవలసినవాళ్ళు చెప్పుకుంటారు. తన సంగతి మాత్రం చెప్పాడు. పిల్లల్లేని ఎవరో ఆలుమగలకి తను ఏమిస్తున్నాడో, ఎందుకిస్తున్నాడో, వాళ్ళెవరో తనకి ఎప్పటికీ తెలియదని కూడా చెప్పాడు. ఇంటి కప్పు లేచిపోతుందనే అనుకున్నాడు.

అప్పలలక్ష్మి కాగితాన్ని తన వైపు తిప్పుకుంది. "ఆ తల్లి దీన్ని సదువుతాదా?"

"సదువుతాదే."

"అయితే రాయి. నీకు నాలుగేళ్ళొచ్చినదాకా జొరం వస్తే ఫిట్సొచ్చేవి. నువ్వు సచ్చిపోయావనుకుని మొదటిసారి నేను ఈధిలో పడి ఏడిసాను. తర్వాత వాటంతటవే పోయాయి. తడిగుడ్డతో ఒళ్ళు తుడిసి బేగి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమను. బయపడొద్దని రాయి."

"అంత రాయడానికి ఇందులో గడి లేదే."

"పక్కన ఖాళీ ఉంది కదా, అందులో రాయి," అంది అప్పలలక్ష్మి, జాగా ఎక్కడుందో వేలితో చూపిస్తూ. "మాకెవరూ ఏటీ సెప్పలేదు. ఆవిడికి మనం సెప్దాం."