నీటి పంపుల పటం

ఫరీదాబాద్‌లోని ఒక యూనివర్సిటీలో నేను తాగునీటి నాణ్యత మీద పరిశోధన చేసేవాణ్ణి. ఒక విదేశీ విశ్వవిద్యాలయం మాకు భాగస్వామి. ఓ ఉదయం అక్కడి ప్రొఫెసర్ నుంచి మెయిల్ వచ్చింది. నీటి పరీక్షల ఫలితాలతో పాటు, ఊరికి నీళ్లు పంపే స్టేషన్లు ఎక్కడెక్కడున్నాయో చూపే పటం కూడా కావాలట. మా ఒప్పందంలో ఆ మాటే లేదు.

నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయిని పిలిచాను. ఢిల్లీ పక్కనున్న వైశాలిలో పుట్టి పెరిగిన తెలుగుపిల్ల.

“ఆ పటం ఎవరికీ ఇవ్వకమ్మా, ఊరి నీళ్ల భద్రత సంగతి,” అన్నాను.

“సర్, వాళ్లు ముందే నన్నడిగితే, కల్ హీ, నిన్ననే పంపేశాను. వాళ్లు ఏదడిగితే అది షేర్ చేయమని మీరే అన్నారు కదా?”

నిజమే. వాళ్లు పిలిచిన సదస్సుకు వెళ్లే ఉత్సాహంలో, ముందూ వెనకా చూడకుండా అన్నాను. పైవాళ్లకు చెబితే ప్రాజెక్టు ఆగుతుంది, ఆమె థీసిస్ కూడా ఆగుతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియకపోవచ్చు.

“సర్, నా పేరు వస్తుందా?”

“పంపమన్నది నేను. నా పేరే వస్తుంది.”

ఆమె ఎదుటే ఆ ఫైలు లింకు మూసేశాను. తప్పు నాదేనని రాసి, ఆ కాగితం పట్టుకుని రిజిస్ట్రార్ గదికి నడిచాను. ఆయన అది చదివి విచారణకు ఆదేశించారు.

ఫైలును వాళ్లు అప్పటికే దించుకున్నారని విచారణలో తేలింది. పటం ఎందుకు అడిగారని రాస్తే అటునుంచి జవాబు రాలేదు. ఒప్పందం రద్దయింది. నన్ను ప్రాజెక్టు నుంచి తప్పించారు. ఆ అమ్మాయి వేరే గైడ్ దగ్గర, ఏడాది ఆలస్యంగా, థీసిస్ పూర్తి చేసింది.