డనూతా చేతిలో స్టీరింగు

పొద్దున్నుంచే మస్తాన్ వలీకి నడుము పక్కన పోటు మొదలైంది. మూత్రపిండంలో రాయి, కొత్తదేం కాదు. చెబితే తను తోలే ఆస్పత్రి వ్యాను ఇంకొకరి చేతికిస్తారని నోరు మెదపలేదు. ప్రొద్దుటూరులో లారీ తోలిన మనిషి కదా, పంతం! మగవాళ్ల మొండితనానికి ఏ ఆస్పత్రిలోనూ మందు లేదు.

యుద్ధం నడుస్తున్న రోజులవి. అరబ్బు దేశంలో తనున్న తాయిఫ్ ఊరి చుట్టూ ఎటు పోయినా సైనికుల చెక్‌పోస్టులే. కొండల అవతల చిన్న దవాఖానాలో కాన్పయిన తల్లికి నెత్తురు ఆగడం లేదని ఫోనొచ్చింది. రక్తం సంచులున్న మంచుపెట్టె పట్టుకుని పోలండు నర్సు డనూతా వ్యాను వెనక సీట్లో కూర్చుంది.

దారిలో కబుర్లు చెప్పడం ఆమెకు అలవాటు. ఇద్దరిదీ వచ్చీరాని అరబ్బీయే. పోలండును పరాయి రాజులు పంచుకుని బడిలో వాళ్ల భాష వద్దంటే, ఆడవాళ్లు ఇళ్లలో తలుపులేసుకుని పిల్లలకు అక్షరాలు దిద్దించారట. ఒక జమీందారు బిడ్డయితే జుట్టు కత్తిరించుకుని, గుర్రమెక్కి యుద్ధానికే పోయిందట. అవన్నీ వాళ్ల అమ్మమ్మ చెప్పినవి. నొప్పి మరిచిపోవడానికి మస్తాన్ వలీ ఊ కొడుతున్నాడు.

మూడో మలుపులో పోటు ఒక్కసారిగా పొడుచుకొచ్చింది. వ్యాను పక్కకు తీసి ఆపి, స్టీరింగు మీద వాలిపోయాడు. కళ్లు బైర్లు కమ్మాయి.

"జరుగు మస్తాన్, నేను నడుపుతాను" అంది డనూతా.

"వద్దు సిస్టర్! ఈ దేశంలో ఆడోళ్లు బండి తోలకూడదు. నిన్నూ పంపేస్తారు, నన్నూ పంపేస్తారు."

"అక్కడ ఆ తల్లి చచ్చిపోతుంది. మా నాన్న ట్రాక్టరు నేనే నడిపేదాన్ని, జరుగు!"

అతను పక్క సీట్లోకి జరిగాడు. నొప్పి కంటే భయమే ఎక్కువగా ఉంది. ఎదురుగా చెక్‌పోస్టు కనబడగానే తల రుమాలు తీసి ఆమెకిచ్చాడు.

"ఇది చుట్టుకో సిస్టర్, మీ కతలో ఆ బిడ్డ మాదిరి."

"ఆమె ఆడదని ఆ దండులో అందరికీ తెలుసు" అంటూ రుమాలు అతని ఒళ్లోనే పెట్టి, అద్దం దించింది.

సైనికుడు బిత్తరపోయాడు. ఆమెను పలకరించకుండా మస్తాన్ వలీనే గద్దించాడు. అతను వెనక సీటు వైపు వంగి పెట్టె మూత తీసి, "రక్తం... బిడ్డ తల్లికి" అన్నాడు. సైనికుడు సంచుల వంక, ఆమె ముఖం వంక మార్చి మార్చి చూశాడు. తిట్టుకుంటూనే దారి వదిలాడు.

ఆ సాయంత్రానికి తల్లి కళ్లు తెరిచింది. పక్క గదిలో సెలైను ఎక్కించుకుంటున్న మస్తాన్ వలీ తలుపు సందులోంచి ఆమెను చూసి అల్లాను తలచుకున్నాడు.

కబురు కఫీల్ చెవిన పడనే పడింది. తన పూచీ మీద అతన్ని పనికి తెచ్చిన మనిషి కఫీల్. మస్తాన్ వలీని పిలిపించి మెత్తగానే చెప్పాడు. ఆ పోలండు ఆమె స్టీరింగు బలవంతంగా లాక్కుందని చెబితే చాలు. ఆమెను వెనక్కి పంపేస్తారు, నీ పనికి ఢోకా లేదు.

ఒక్క మాట. అనేస్తే ఇంట్లో పొయ్యి ఆరదు. మస్తాన్ వలీ నాలుక చివరిదాకా వచ్చింది కూడా. తనమీద తనకే అసహ్యం వేసింది.

"లేదు బాబా. ఒంట్లో బాగలేక నేనే ఇచ్చినా" అన్నాడు.

అతని పాస్‌పోర్టు మీద దేశం విడిచి పొమ్మనే ఎగ్జిట్ ముద్ర పడింది. యుద్ధంలో నర్సులు దొరకరు కాబట్టి డనూతాను మందలించి ఊరుకున్నారు. అతను పోతూ ఉంటే ఆమె గేటు దాకా వచ్చి, అతని చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

ప్రొద్దుటూరులో భార్య మేరాజ్ బేగం ముందు కూర్చుని, దాచకుండా అంతా చెప్పాడు. ఆమె లేచి, చెంబుతో నీళ్లు తెచ్చి ఠక్కున అతని ముందు పెట్టింది. కోపమే అనుకున్నాడు.

"ఆ తల్లి బతికిందా?" అని అడిగింది.

"బతికింది. బిడ్డకు పాలిస్తా ఉంటే చూసినా."

"మరి దొంగతనం చేసినోని మాదిరి తల దించుకున్నావెందుకు? లెయ్యి, కాళ్లు కడుక్కో. అన్నం పెడతా."