చెప్పులు దొరకని గుండ్రటి గుడి

ధర్మపురి దగ్గర మా బాపుది వ్యవసాయం. ఏటా తొలకరికి ముందు విత్తనాల సంచి భుజాన వేసుకొని నరసింహస్వామి గుడి చుట్టూ మూడుసార్లు తిరిగొస్తే గాని చేనులో గింజ పడదు. అవ్వ, అంటే మా అమ్మ, ఉన్నన్నాళ్ళు ఆయన వెంట తిరిగేది. ఆమె పోయాక ఒక్కడే తిరుగుతున్నాడు.

"ఒక్కసారి నా ఎంబడి రా బిడ్డా" అని ప్రతి ఏడూ అడుగుతాడు. నేను పోను. మొక్కితే వానలు పడవని సభల్లో గొంతు చించుకునేదాన్ని. బాపు కోసమని మాట మార్చుకుంటే ఇంకెవరికి చెప్పగలను?

మొన్న వేసవిలో ఒక యాత్రా బృందంతో బాపు, నేను చైనా పోయాం. బీజింగ్‌లో పంటల కోసమే కట్టిన గుడి ఉందని చెబితేనే ఆయన బయలుదేరాడు.

తెల్లటి పాలరాతి అరుగులు మూడు, ఒకదాని మీద ఒకటి. వాటి మీద గుండ్రటి చెక్క మందిరం, నీలం పెంకులతో మూడు కప్పులు. మేకు వాడకుండా దూలాలను ఒకదాంట్లో ఒకటి బిగించారట. చక్రవర్తి ఏటా వచ్చి మంచి పంటలు పండాలని ఇక్కడ మోకరిల్లేవాడు.

బాపు మెట్ల కింద చెప్పులు విడిచాడు.

"ఇక్కడ ఎవరూ విడుస్తలేరు బాపు."

"విడువకపోతే వాళ్ళిష్టం."

పైకెక్కి, గుమ్మం బయట నుంచే లోపలికి తొంగి చూశాడు. "దేవుడేడి?"

"దేవుడు లేడు. విగ్రహమే పెట్టలే."

"నువ్వు చిన్నప్పటి సంది గదే అంటున్నవు."

మధ్యలో ఉన్న నాలుగు పెద్ద స్తంభాలు నాలుగు కాలాలకు గుర్తు అని చెప్పాను. "మనకు మూడే గద. ఒక గుంజ ఎక్కువైంది" అన్నాడు. ఇదే అదను అనుకొని, పంటల కోసం మొక్కిన ఈ మందిరాన్నే ఒకప్పుడు పిడుగు కాల్చి బూడిద చేసిందని చెప్పాను.

"మరి గిదేంది?"

"మళ్ళీ అట్లనే కట్టిండ్రు."

"మేం సుత గంతే. పంట పోతే మల్ల ఏస్తం."



కిందికి దిగితే చెప్పులు లేవు. గుండ్రటి కట్టడం, ఎటు చూసినా ఒకే తీరు మెట్లు. ఎటు నుంచి ఎక్కామో ఇద్దరికీ గుర్తు లేదు. మబ్బు పట్టి రాయి చల్లగా ఉంది కాబట్టి సరిపోయింది. వెతుక్కుంటూ ఒక చుట్టు తిరిగాం. జనం గుంపుల మధ్య కనపడలేదు.

రెండో చుట్టులో ఒక మెట్ల మూలన నాకు కనపడ్డాయి. అప్పుడు బాపు అవ్వ గురించి చెబుతున్నాడు. గుడి చుట్టూ తిరిగేటప్పుడు ఆమె స్తోత్రాలేం చదివేది కాదట. కలుపుకు ఎవరిని పిలవాలి, ఏ చెలకలో కంది వేయాలి, దారి పొడుగునా అదే ముచ్చట. నేను చెప్పులు చూడనట్టే మొహం తిప్పుకొని నడిచాను.

మూడో చుట్టు అయ్యాక బాపు వెతకకుండానే తిన్నగా పోయి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

"ఎప్పుడు చూసినవు బాపు?"

"నువ్వు మొకం తిప్పినప్పుడే."

బస్సు దగ్గరికి వచ్చాక నేనే అన్నాను, "ధర్మపురికి మాత్రం రాను."

"ఎవలు రమ్మన్నరు? నీ వంతు అయిపాయె."