బాపు పక్క సీటు

పొద్దున అలియాబాద్ దగ్గర ఒళ్లంతా నలుపు తెలుపు స్టిక్కర్లు కప్పుకున్న చిన్న కారొకటి నా స్కూటీని దాటిపోయింది. ఇంకా మార్కెట్లోకి రాని బండి, రూపం తెలియకుండా అలా కప్పి రోడ్డు మీద పరీక్షిస్తున్నారు. మా చిన్నప్పుడూ ఇలాంటి రాబోయే బండి గురించే పేపర్లో వచ్చింది. మామూలోళ్లు కూడా కొనగలిగే ఎర్ర స్పోర్ట్స్ కారు తయారవుతోందని. మా నాన్న, బాపు అనేవాళ్లం, ఆ బొమ్మ కత్తిరించి బీరువాకు అంటించాడు. ఉన్నవి రెండే సీట్లు. బాపు పక్కన ఎవరు కూర్చోవాలని అక్కా నేనూ జుట్లు పట్టుకున్నాం. అప్పుడు బాపు వాళ్లమ్మ, మా అవ్వ వచ్చి, మేడ్చల్ బస్సు కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపుకున్నట్టే, బీరువా తలుపు సందులో తన దస్తీ ఇరికించి రెండో సీటును కప్పేసింది.

"ఇగ గా సీటు నాది. మీరు డిక్కీల కూసోండ్రి."

"నా సీటన్న ఉంటదా అవ్వా?" అన్నాడు బాపు.

"మెల్లగ నడిపితే ఉంటది."

ఆ కారు ఇప్పటికీ రాలేదు. మేమిద్దరం మాత్రం ఆ సాయంత్రమే, డిక్కీలో కుడిపక్క ఎవరిదని మళ్లీ మొదలుపెట్టాం.