వకీల్ బెన్ పెట్టించిన కెమెరా

చదువంటే నాకెంత ప్రేమో చెప్పాలంటే, ఏడో తరగతిని వదల్లేక రెండేళ్లు అక్కడే కూర్చున్నాను. చివరికి సారే చేతులు జోడించాడు. మొన్న సూరత్‌లోని ఖటోదరాలో ఒక మగ్గాల షెడ్డు ముందు నుంచి పోతుంటే కాలిన పాలిస్టర్ నూలు వాసన ముక్కుకు తగిలింది. ఎవరో దారం కొసలు కాలుస్తున్నారు, అంతే. నాకు మాత్రం నీలాబెన్ గుర్తొచ్చింది.

నీలాబెన్ సూరత్‌లో వకీలు; బెన్ అంటే గుజరాతీలో అక్క. అమ్రోలిలో మావాళ్ల అద్దె గదుల తగాదాలతో మొదలుపెట్టి, కంప్యూటర్ మోసాల కేసులు, కెమెరా సాక్ష్యాల కేసులు దాటి, చివరికి బీమా కేసుల్లో పేరు తెచ్చుకుంది. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మా నేతగాళ్ల తెలుగు ఆమెకు అర్థమయ్యేది కాదు. అందుకని మగ్గం మీదున్న నన్ను పిలిచి దుబాసీని చేసింది. మొదటిరోజే ఒక ముసలాయన చెప్పిన రెండు ముక్కలకు నేను బోలెడు కన్నీళ్లు కలిపి హిందీలో వడ్డించాను. ఆమె కళ్లజోడు తీసి, "శంకర్‌భాయ్, ఆయన ఏడవలేదు కదా, నువ్వెందుకు ఏడుస్తున్నావు?" అంది. అన్నది అన్నట్టు చెప్పడం అప్పుడు నేర్చుకున్నాను.

షెడ్లలో కెమెరాలు పెట్టించుకోండని అందరినీ పోరింది కూడా ఆమే. రేపేదైనా జరిగితే బీమా కంపెనీ మీ మాట నమ్మదు, బొమ్మను నమ్ముతుంది అనేది. జీవితమంతా పరాయి మగ్గాల ముందు నిలబడ్డ మా అన్న రాజేశం అప్పుడే సొంత షెడ్డు పెట్టాడు. ముందు కెమెరా బిగించాడు, ఆ తర్వాతే పేరు బోర్డు.

దసరాకు మగ్గాన్ని పూజించి దీపం పెడతాం. దాన్ని చేత్తో ఆర్పం; అదే కొండెక్కాలి. ఆ ఏడూ అలాగే వదిలి, తాళం వేసి ఇంటికొచ్చాం. సాయంత్రానికి షెడ్డు బూడిదయింది. కెమెరా కాలింది గాని, అది పంపిన బొమ్మలు అన్న ఫోన్‌లో భద్రంగా ఉన్నాయి: నూలు పక్కన దీపం, దండం పెట్టి వెళ్లిపోతున్న మేము. వెలిగే మంటను వదిలివెళ్తే పరిహారం రాదని పాలసీ షరతట.

అన్న ఆ వీడియో తుడిచేస్తానన్నాడు. కంపెనీ అడిగాక దాచితే ఈ కేసు పట్టనంది నీలాబెన్. ఆ మాటను అన్న కళ్లలోకి చూస్తూ నేనే తెలుగులో చెప్పాను.

"ఆమెది ఏం పోతది తమ్మీ, గట్లనే అంటది," అన్నాడు అన్న.

దాన్నీ హిందీలో ఆమెకు చెప్పాను. తల దించుకుంది గాని, మాట మార్చలేదు. వీడియో కంపెనీకి ఇచ్చాం, కేసు పోయింది. అన్న మళ్లీ పరాయి మగ్గం ముందుకే చేరాడు.

ఆమె చనిపోయినప్పుడు ఆల్థాన్‌లో ఆమె ఇంటి గేటుదాకా వెళ్లి, లోపలికి అడుగుపెట్టకుండా వెనక్కి వచ్చాను. నా కృతజ్ఞత అంతటిది.

ఇప్పటికీ మావాళ్ల వెంట ఆఫీసులకు వెళ్తాను. నోరు ఆమె నేర్పిన దారి తప్పదు. అందుకే ఆమెను తిట్టుకోని రోజు లేదు. ఈమధ్య బీమా సర్వేయర్ దగ్గరికి వెళ్తూ ఒక నేతగాడు, తన మాటలు జర మంచిగ మార్చి చెప్పమని బతిమాలాడు. అన్నది అన్నట్టే చెప్తానన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూశాడు.

"ఉన్నదున్నట్టు చెప్పేటందుకు నువ్వెందుకే అన్నా? షెడ్ల కెమెరా ఉన్నది గద."